పెంకుల సంగతి

కుటైసిలో ఆ చలికాలం
కరెంటు రోజుకి మూడు గంటలు,
అదీ దానికి మనసైతే.
పాలిటెక్నిక్‌లో వంతెనల పాఠం
కోట్లూ టోపీలూ తీయకుండానే వినేవాళ్ళం.
పెన్నులో సిరా గడ్డకడితే
చంకలో పెట్టుకుని కరిగించేవాళ్ళం.
పరీక్షల్లో ఏం రాశానో ఒక్క ముక్క గుర్తు లేదు.
గురువారం సినిమాలు మాత్రం
రీలు రీలూ చెప్పగలను.

సబ్‌స్టేషన్ ఇంజనీరు కూతురు మా క్లాసే కాబట్టి
గురువారం ఆరింటికి మా కెమిస్ట్రీ హాల్లో దీపం వెలిగేది.
టిక్కెట్టు: మనిషికో కట్టె, పొయ్యిలోకి.
తెర అంటే రెండు దుప్పట్లు కలిపి కుట్టింది.
ఆ కుట్టు సరిగ్గా మొహాల మీంచి పోయేది,
ఎంతటి అందగత్తెకైనా ముక్కు మీద ఒక గాటు.
ప్రొజెక్టరు దగ్గర బద్రి.
మైకు దగ్గర నేను.

నా పనేమిటో చెప్పాలి, ఇప్పుడెవరూ చేయడం లేదు.
తెర మీదవాళ్ళు ఏ భాష మాట్లాడినా
అప్పటికప్పుడు మా భాషలో చెప్పేయడం.
హీరో నేనే, వాణ్ణి పొడిచినవాడూ నేనే,
పెళ్ళికూతురు, పోలీసు, గడ్డం ఫాదరు,
అందరికీ కలిపి జలుబు చేసిన ఒకే గొంతు.
ఏడుపు నటించకూడదు, అది నియమం.
"ప్రేమిస్తున్నాను" అన్నా "ఉప్పు ఇటివ్వు" అన్నా
ఒకే ఎత్తులో అనాలి.
ఇరవై ఏళ్ళు నిండేలోపు
నూట పన్నెండుసార్లు ప్రేమిస్తున్నానన్నాను.
మైకు కట్టేశాక
ఒక్కసారీ గొంతు పెగల్లేదు.

ఫిబ్రవరిలో ఒక డబ్బా వచ్చింది.
మూత మీద ఫ్రెంచి అని రాసుంది.
మొదటి మాటకే నా గుండె జారింది:
హంగేరియన్.
అందులో నాకు అవునూ కాదూ కూడా తెలియవు.
హాల్లో నూటికి పైగా జనం,
కట్టెలు అప్పటికే సగం కాలాయి.
కాలిన కట్టెని తిరిగి ఇవ్వలేం కదా.

చెప్పడం మొదలుపెట్టాను.

పెదాలు కదిలినంతసేపు కదిలించాను.
పొలం గొడవ ఒకటి పెట్టాను, ఒక అప్పు,
ఎవరో ఎవరికో బావమరిది.
అంతలో పెరట్లోకి ఒక ముసలావిడ వచ్చింది.
నాలుగు నిమిషాలు ఏకబిగిన మాట్లాడింది,
మధ్యమధ్య పైకి చేయి చూపిస్తూ.
ఆకాశం కాబోలనుకున్నాను.
పోయిన కొడుకుతో మాట్లాడించాను.
"నువ్వు తాగిన గ్లాసు ఇంకా కడగలేదురా,
ఈగలు వాలుతున్నాయి,
వాలనీ."

రెండో వరసలో నానులి
మఫ్లరు నోట్లో కుక్కుకుంది.
వాళ్ళన్న సుఖుమి నుంచి రాలేదు.
అది నాకు తెలుసు.
తెలిసే అన్నానా? ఇప్పటికీ చెప్పలేను.

అదే సమయానికి అసలు సినిమా గొంతు
గుసగుసలా తగ్గిపోయింది.
యాంప్లిఫయరు పోయిందనుకుని
తర్వాత బద్రిని నానా మాటలూ అన్నాను.
తల వంచుకుని రీలు చుట్టుకున్నాడు.

పదహారేళ్ళ తర్వాత బతుమిలో
మెత్తటి కుర్చీల హాల్లో అదే సినిమా,
కింద అక్షరాలతో.
ముసలావిడ ఇల్లు కప్పేవాడితో మాట్లాడుతోంది:
ఇటువైపు నాలుగు పెంకులు పగిలాయి,
పోయినసారి వేసినవాడు దొంగవెధవ,
సున్నం సరిగ్గా కలపలేదు.
నేను ఎంత గట్టిగా నవ్వానంటే
ముందువరస మొత్తం వెనక్కి తిరిగింది.

నవ్వు సగంలో ఉండగా గుర్తొచ్చింది.
బద్రి సైన్యంలో రెండేళ్ళు
దెబ్రెత్సెన్‌లో చేశాడు.
ఆ భాషలో రొట్టె కొన్నవాడు, తిట్లు తిన్నవాడు,
ఒక దర్జీ కూతురికి ఉత్తరాలు కూడా రాసినవాడు.

నేనిప్పుడు నోటరీ ఆఫీసులో అనువాదకురాలిని.
ప్రతి కాగితం అడుగున
"ఉన్నది ఉన్నట్టు" అని ముద్ర కొడతాను.
ఆ ముద్ర సంచిలో ఉండగానే
సినిమా హాలు మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను.
వాడు జెస్టాఫోనిలో టైర్లు అమ్ముతున్నాడు,
వెనకాల గాలి కొట్టే మోత.

"నీకు ఆ రోజే తెలుసా?"

"పెంకుల గురించేగా," అన్నాడు.
ఎవరితోనో టైరు ధర చెప్పి మళ్ళీ వచ్చాడు.
"సున్నం గురించి కూడా చాలా చెప్పింది పాపం.
నువ్వు సున్నం వదిలేశావు."